మలేరియా సంబరం

నేను గోలీలు మానేసి రెండేళ్లయింది. ఈ మాట మీరు నమ్మకపోయినా నాకు బాధ లేదు, మా ఇంట్లోనే ఇంకా ఎవరూ నమ్మలేదు. ట్రాక్టర్ తోలే రోజుల్లో ఒళ్లు నొప్పులకని నొప్పి గోలీలు మొదలుపెట్టాను. చివరికి అవి లేకపోతేనే ఒళ్లు నొప్పులు పుట్టేదాకా వచ్చింది. ఐదో తరగతిలో బడి మానేయడానికి ఒక్క పూట పట్టింది. వీటిని మానేయడానికి ఎన్ని పూటలు పట్టాయో లెక్క తెలియదు, బడి మానేశాను కదా.

మా మరైగూడ వైపు ఎండాకాలమంటే బీడీలు చుట్టే తునికాకు పని. పొద్దున అడవిలో కోసిన ఆకును సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని యాభైకో కట్ట కడతాం. అందరూ ఆకులు చూసి కడితే, నా భార్య నా చేతులు చూస్తూ కడుతుంది. గోలీ దొరకని రోజుల్లో చేతులు వణికి నా కట్టలు వదులయ్యేవి. అందుకని.

ఈ ఎండాకాలం ఒక సాయంత్రం చేతులు వణికాయి. నార ముడి పడలేదు. ఆకులన్నీ ఒళ్లో రాలాయి.

"మల్ల మింగినవా?" అంది నా భార్య.

"మింగితే వణుకుతదా? మింగకపోతే గదా వణికేది," అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నా నోటికి వేళాపాళా ఎప్పుడూ తెలియదు.

"అంటే తెచ్చుకున్నయి అయిపోయినయన్నట్టు. గొల్లపల్లికి పోత, మా అమ్మ కాడికి. ఈసారి పిలువరాకు." చీరలు సంచిలో కుక్కుతోంది.

ఒట్టు వేద్దామంటే నా ఒట్లన్నీ అప్పట్లోనే వాడేశాను. దుప్పటి కప్పుకుని పళ్లు టకటకలాడిస్తూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నాకే అనుమానం వచ్చింది. మింగలేదు, అయినా ఒళ్లు అదే వణుకు వణికింది, మనసు అదే గోలీ అడిగింది. రెండేళ్లూ ఎటు పోయాయో.

మా గొడవ విని పక్కింటి మితానిన్ అక్క, అంటే మా ఊరి ఆరోగ్య కార్యకర్త, వచ్చింది. ఊళ్లో జ్వరాలు చూసేది ఆమే. నుదురు పట్టి చూసి, వేలు గుచ్చి, నెత్తురు చుక్క పరీక్ష పట్టీ మీద వేసింది. పావుగంట ఆగాలంది. నా భార్య సంచితో గుమ్మంలోనే నిలబడింది.

"గీత వచ్చింది. మలేరియానే," అంది అక్క.

"నిజమేనా అక్కా? సక్కగ సూడు!" నా భార్య ఆ పట్టీని లాక్కుని వెలుతురుకు పెట్టి చూసింది. మొగుడికి మలేరియా వచ్చిందని అంత సంబరపడిన ఆడమనిషిని నేనెక్కడా చూడలేదు.

"మిఠాయి పంచుదమా?" అన్నాను.

"నోరు మూయ్," అంది ఏడుస్తూ.

అక్క మూడు రోజుల మాత్రల అట్ట నా వైపు చాచింది. నా భార్య మధ్యలోనే అందుకుంది. ఆ పూటవి నా అరచేతిలో పెట్టి, మింగాక నోరు తెరవమంది. తెరిచాను. మిగిలినవి కొంగున ముడేసుకుంది.

"పొద్దుగాల నేనే ఇస్త," అంది.

నాకూ అదే నయమనిపించింది.