జుబైల్ ఇసుకలో మా స్కీయింగు

ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ ముందు నవ్వొస్తుంది, అప్పటి భయం గుర్తుకొచ్చేది ఆ తర్వాతే. సౌదీలో నితాకత్ పేరుతో కంపెనీలు స్థానికుల్ని చేర్చుకుని మనవాళ్ళని తగ్గించుకుంటున్న కాలం. దాని వెనకే, వెంట తెచ్చుకున్న భార్యాబిడ్డలకి తలకింత లెవీ కట్టాలన్నారు. జుబైల్లో నేను డ్రిల్లు మాస్టారుగా ఉన్న మన పిల్లల బడిలో బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఇక ఇద్దరు డ్రిల్లు మాస్టార్లెందుకు, ఒకడు చాలన్నారు కమిటీవాళ్ళు. ఆ ఒకడు నేను కాదని నాతో సహా అందరికీ తెలుసు. (రెండో మాస్టారు శీర్షాసనం వేసి కూడా హాజరు పిలవగలడు.)

సరిగ్గా అప్పుడే, పని ముగిసి స్వదేశానికి వెళ్ళిపోతున్న ఒక యూరప్ ఇంజనీరు మా బడికి కొన్ని జతల స్కీలు ఇచ్చిపోయాడు. మంచుమీద కాళ్ళకి తగిలించుకుని, చదునులో నడుస్తూ జారే పొడుగాటి పలకలవి. (ఎడారికి వాటినెందుకు మోసుకొచ్చాడో ఆయనకే తెలియాలి.) బూట్లు మాత్రం పట్టుకుపోయాడు. అడుగున మైనం రాయడం మరవొద్దన్నాడు. మా కడప హెడ్మాస్టారి కళ్ళు మెరిశాయి. "శుక్రవారం పిక్నిక్కుకు కమిటీ పెద్దాయన వస్తాండాడు. ఇసుకలో పిల్లోళ్ళతో ఇది చేయించప్పా, నీ ఉద్యోగం నిలబడుతుంది" అన్నారు. నాకు రాదండీ అన్నాను. "నాకు మాత్రం వచ్చునా? పిల్లోళ్ళకు రాదు, వాళ్ళ నాయనలకూ రాదు. తప్పు పట్టేదానికి ఎవురుండారు చెప్పు?" అంత గట్టి ధైర్యం నాకు జీవితంలో ఇంకెవరూ చెప్పలేదు.

మైనం దొరకలేదు. అక్కడే ఆసుపత్రిలో నర్సుగా చేసే మా అక్కని అడిగితే, "జారడానికేగదరా? నూనె రాసెయ్!" అని కొబ్బరినూనె సీసా చేతిలో పెట్టింది. కోనసీమలో పుట్టినవాళ్ళం, కొబ్బరినూనెతో కాని పనుంటుందని మాకు తోచదు. శుక్రవారం ఉదయం ఊరవతల ఇసుకదిబ్బల దగ్గర పిల్లలు తలంటు పోసేంత శ్రద్ధగా పలకలకి నూనె పట్టించారు. పాత చున్నీలతో వాళ్ళ కాళ్ళని పలకలకి కట్టి ఈల ఊదాను. ఒక్కడూ కదల్లేదు. నూనెకి ఇసుకంతా అంటుకుని స్కీలు నువ్వులద్దిన అరిసెల్లా తయారయ్యాయి. ఒకడు కదలబోయి బోర్లాపడ్డాడు, వాణ్ణి పట్టుకోబోయి మిగతావాళ్ళూ పడ్డారు. చూడ్డానికొచ్చిన అక్క ఆకాశంకేసి చూసింది. హైదరాబాదు నుంచి వచ్చి స్థిరపడ్డ కమిటీ పెద్దాయన గడ్డం నిమురుకుంటూ, "గిదేంది మాస్టర్ సాబ్? నిలబడే ఆటనా?" అన్నారు. నా ఉద్యోగానికి అక్కడికక్కడే నీళ్ళొదిలేశాను.

ఈలోగా తమ వంతు కోసం చూసిచూసి విసుగెత్తిన పిల్లలు, పడ్డవాళ్ళని లేపి, వాళ్ళ వెనకే పలకలమీదికెక్కి నడుములు పట్టుకున్నారు. ఒక్కో జతమీద ముగ్గురు! "ఎత్తు... వెయ్! ఎత్తు... వెయ్!" అని అరుస్తూ అందరూ ఒకేసారి కాలెత్తి వేస్తుంటే స్కీలు కదిలాయి! అలా దిబ్బ అంచుదాకా నడిచి, అవతలి వాలులోకి దొర్లి, నోటినిండా ఇసుకతో విరగబడి నవ్వుతూ పైకొచ్చి మళ్ళీ ఎక్కారు. నేను ఆపబోయేలోపే పెద్దాయన చెప్పులు విడిచి ఒక జతమీదికెక్కారు. వెనక హెడ్మాస్టారు, ఆ వెనక నేను. ముగ్గురం కలిసి రెండడుగులు వేశామో లేదో వాలులో దొర్లిపోయాం. గడ్డంలో ఇసుక దులుపుకోకుండానే పెద్దాయన, "నువ్వు యాడికీ పోవు మాస్టర్ సాబ్. పా, ఇంకోపారి ఎక్కుదాం" అన్నారు. సంతోషం పట్టలేక ఈల మింగినంత పని చేశాను.

ఉద్యోగం నిలిచింది, పిల్లలే నిలవలేదు. ఆ వేసవిలో చాలా కుటుంబాలు పాస్‌పోర్టుల్లో ఇక తిరిగిరామని ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని వెళ్ళిపోయాయి. బడి తెరిచాక మళ్ళీ దిబ్బల దగ్గరికి తీసుకెళితే, ఒక చిన్నవాడు స్కీలమీద నిలబడి, "సార్, నా ముందువాడూ వెనకవాడూ వెళ్ళిపోయారు. నేనెవర్ని పట్టుకోవాలి?" అన్నాడు. వెళ్ళి వాడి ముందు నిలబడ్డాను. వాడు నా నడుం గట్టిగా పట్టుకుని "ఎత్తు!" అన్నాడు.

ఇప్పుడు టీవీలో తెల్లటి మంచుమీద ఎవరైనా స్కీలమీద సర్రున సాగిపోతుంటే, "అయ్యో పాపం, ఒక్కడే పోతున్నాడు" అంటాను. మా ఆవిడ నావైపు వింతగా చూస్తుంది. నాలో నేనే నవ్వుకుంటాను.