బావ ఎక్కిన మంచుకొండ

ఉప్పల్‌కు మెట్రో రాకముందు మాట. నాచారంలో ఫొటో స్టూడియోలో పనిచేస్తూ, సరదాకి మౌలాలి గుట్టను ఫొటో తీసి, కంప్యూటర్‌లో బండలకు తెలుపు, ఆకాశానికి ముదురు నీలం వేసి మంచుకొండలా మార్చాను. మా అక్క భర్త ముచ్చటపడి అడిగితే, రంగులు విడివిడి పొరలుగా ఉన్న ఫైలునే సీడీలో వేసిచ్చాను. అది ఏ కొండో అడగలేదు.

ఉప్పల్‌లో ఆయన గృహప్రవేశం రోజు చూస్తే, హాల్లో అదే ఫొటో.

"మనాలిల నేనే తీసిన. చలికి చేతులు కొంకర్లు పోయినయ్," అంటున్నాడు చుట్టాలతో.

"అది నేను తీసింది గద బావా?"

"నువ్వా? పాస్‌పోర్ట్ ఫొటోలు తప్ప నీకేం వస్తదిరా?"

అందరూ నవ్వారు. నా ఒళ్లు మండిపోయింది. ఆ సీడీనే ఆయన కంప్యూటర్‌లో పెట్టి, అందరి ముందూ నేను వేసిన రంగులు ఒక్కొక్కటే తీసేశాను. మంచు పోయి బండలు, మెట్లు బయటపడ్డాయి.

మౌలాలిలో ఉండే మా పెద్దమ్మ దగ్గరికొచ్చి చూసింది. "మనాలి మా ఇంటెన్కనే ఉన్నదా అల్లుడా?"

ఆ ఏడు అక్కాబావల పెళ్లిరోజుకు అదే ఫొటోను అసలు రంగుల్లో ఫ్రేము కట్టించి పంపాను. బావ ఇప్పటికీ నాతో మాట్లాడడు. నాకేం బాధ లేదు.