పొన్నచెట్టుకు అమ్మ పెట్టిన పేరు

మా వాడకట్టులో పొన్నచెట్టు మా ఇంట్లోనే ఉండేది. వరంగల్ అంతా గాలించినా ఇంకొకటి దొరికేదో లేదో. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసిన తాత సముద్రం వైపు డ్యూటీకి పోయినప్పుడు మొక్క తెచ్చి నాటాడు. అదే ఏడు పుట్టిన కొడుక్కి దాని పేరే పెట్టాడు. ఆ కొడుకే మా బాపు.

మొగుడి పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని అమ్మ నమ్మకం. అందుకే ఆ చెట్టును ‘మీ బాపు చెట్టు’ అనేది. అంగట్లో పొన్నగంటికూర కావాలన్నా వేలు చూపించి, "గా కూర ఇయ్యి" అనేదే తప్ప పేరెత్తేది కాదు. వాడకట్టు పిల్లలందరికీ అది బాపు చెట్టే.

నేను ఇంటర్‌లో బోటనీ రికార్డులో ఆ తెల్లపువ్వు అంటించి, స్థానిక నామం అన్నచోట ‘బాపుచెట్టు’ అని రాశాను. లెక్చరర్ దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించాడు. ఏడుస్తూ ఇంటికొస్తే బాపు పగలబడి నవ్వి అసలు పేరు చెప్పాడు. నిఘంటువు తీస్తే పున్నాగ అని, మగవాళ్లలో మేటి అని ఉంది. బక్కపలచటి బాపు అది విని మరీ నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"ఒక్కపారి అను, బాపుకేం గాదు" అని అమ్మ వెంటపడ్డాను. ఆమె చెవులు మూసుకుని వంటింట్లోకి పోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ పిల్లిని నేనే.

1980ల్లో బాపుకు కిడ్నీలు చెడిపోయాయి. దవాఖానలో చేర్చిన మూడోరోజు తెలివి తప్పింది. డాక్టర్ చెంపలు తట్టి చూసి, "పేరు పెట్టి గట్టిగ పిలువుండ్రి, పలుకుతడేమో" అన్నాడు. నేను బాపూ, బాపూ అని పిలిచాను. పలకలేదు. అమ్మ మంచం పట్టె పట్టుకుని, "ఇగో, ఇటు జూడు" అంటోంది.

"గట్ల కాదమ్మా, పేరు పెట్టి పిలువు."

"నాతోని కాదు బిడ్డా."

"నీ పిచ్చి నమ్మకంతోని బాపును సంపుతవా?" అన్నాను. వార్డంతా వినేలా అన్నాను.

అమ్మ పిలిచింది. ముప్పై ఏళ్ల కాపురంలో అదే మొదటిసారి. మొదటిసారి సగమే వచ్చింది. రెండోసారి పేరంతా పలికింది. బాపు కళ్లు తెరిచి ఆమె వైపే చూశాడు. నేను గెలిచానని సంబరపడ్డాను. పొద్దుగూకకముందే ఆయన పోయాడు.

కిడ్నీల సంగతి అమ్మకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అంతా ఓపిగ్గా విని, "ఆయన ఆయుష్షు నేనే తీసిన బిడ్డా" అనేది. బతికినన్నాళ్లూ చుట్టాలకూ పక్కింటివాళ్లకూ అదే చెప్పుకుంది. పిలవమని పట్టుబట్టింది నేనని మాత్రం ఎవరితోనూ అనలేదు. నాతో కూడా అనలేదు. ఒక్కసారన్నా నన్ను తిట్టాల్సిందమ్మా నువ్వు.