వృక్షశాస్త్రంలో నా అదనపు వాక్యాలు

2008వ సంవత్సరం నవంబరు 6, గురువారం, సాయంత్రం అయిదుంబావుకు, బెజవాడ గవర్నర్‌పేటలోని ఒక ఇంటర్నెట్ సెంటరులో, కిటికీ పక్క కంప్యూటరు ముందు నా పతనం ప్రారంభమైంది. భూకంపానికి ముందు కుక్కలైనా అరుస్తాయంటారు. నాకు ఆ మాత్రం హెచ్చరిక కూడా లభించలేదు.

అప్పుడు నేను ఆ వీధిలోనే ఒక ట్యుటోరియల్ కళాశాలలో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. వృక్షశాస్త్రం చెప్పే వసుంధర గారు రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చేవారు. చెరకు ట్రాక్టర్లు రోడ్డెక్కే కాలంలో ఆ బస్సు ఆలస్యమైతే, మా కళాశాలలో గోడ గడియారం తప్ప తక్కినవన్నీ ఆగిపోయినట్లు నాకు తోచేది. అంత ఆరాటమూ మాటల్లోకి వచ్చేసరికి "బస్సు దొరికిందాండీ?" అయ్యేది. "దొరికిందండీ" అనేవారు ఆవిడ. రెండేళ్లుగా మా సంభాషణ అంతే. మూడో వాక్యానికి విషయం కావాలి.

ఆ విషయాన్ని ఆవిడే సమకూర్చారు. పిల్లలు చదువుకోవడానికి ఒక వెబ్‌సైటులో ఫ్లాష్‌కార్డులు తయారుచేశారు. తెర మీద ప్రశ్నను నొక్కితే అట్టముక్కలా తిరగబడి వెనుకవైపు జవాబు చూపుతుంది. వాటినన్నింటినీ నా ఖాతాలోకి నకలు చేసుకున్నాను. వృక్షశాస్త్రం నేర్చుకుని ఆవిడతో మొక్కల గురించి మాట్లాడాలని నా పథకం. కానీ సూత్రాలు తప్ప మరేమీ నిలవని బుర్ర నాది. అందువల్ల, గుర్తుండడం కోసం, ప్రతి జవాబు కింద నా సొంత వాక్యం ఒకటి చేర్చాను.

దారువు పని ఏమిటి? వేళ్ల నుంచి నీటిని పైకి చేరవేయడం. "ఆవిడ నీళ్ల సీసాను నేను మూడో అంతస్తుకు మోసినట్లు."

కాంతి అనువర్తనం అనగానేమి? మొక్క వెలుతురు వైపు వంగడం. "స్టాఫ్ రూములో నా కుర్చీలాగా."

శీర్షవత్ పుష్పవిన్యాసానికి ఉదాహరణ? చామంతి. "గురువారాల్లో ఆవిడ జడలో ఉండేది."

ఇవన్నీ నా ఒక్కడి కంటికే అనుకున్నాను. "అందరూ చూడవచ్చు" అన్న గడిలో ముందుగానే టిక్కు పెట్టి ఉన్నదట! సినిమా టిక్కెట్టునైనా వెనక్కి తిప్పి చదివే నేను, ఆ గడిని చదవలేదు. పాఠక మహాశయులారా, బెజవాడలో మనిషి మునగడానికి కృష్ణానదే అక్కరలేదు. ఒక టిక్కు చాలు.

డిసెంబరులో అర్ధసంవత్సర పరీక్ష జరిగింది. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో నేనూ వసుంధర గారూ మాత్రమే ఉన్నాం. ఆవిడ పేపర్లు దిద్దుతూ దిద్దుతూ ఆగిపోయారు. ఒక పేపరు పక్కన పెట్టి ఇంకొకటి తీశారు. అదీ పక్కన పెట్టి మరొకటి. చివరికి గుమ్మంలోకి వెళ్లి, తరగతిలో మొదటి బెంచీ అమ్మాయిని పిలిచారు.

"సుజాతా, ఇలా రామ్మా. దారువు గురించి రాయమంటే ఈ నీళ్ల సీసా ఏంటి?"

"కార్డులో ఉంది మేడమ్."

"నా కార్డులో లేదే!"

"మీ కార్డులో ఒక్క లైనే కదా మేడమ్. సార్ కార్డులో రెండు లైన్లున్నాయి. ఎక్కువ రాస్తే ఎక్కువ మార్కులొస్తాయని అందరం సార్‌వే బట్టీ పట్టేశాం."

"ఏ సార్?"

సుజాత నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"మరి ఈ 'ఆవిడ' ఎవరనుకున్నారమ్మా?"

"ఎవరో సైంటిస్టు అనుకున్నాం మేడమ్."

సుజాత వెళ్లిపోయింది. ఉతికి ఆరేసిన చొక్కాలా కుర్చీకి వేలాడుతున్నాను.

"ఎవరో కొంటె కుర్రాళ్లు నా పేరు పెట్టి రాసుంటారండీ," అన్నాను.

"నేనూ అదే అనుకున్నా మాస్టారూ. రాసినవాడికి సంగతులు సరిగా తెలీవు. నేను చామంతులు పెట్టుకునేది శుక్రవారం కదా!"

ఊరుకుంటే సరిపోయేది. ఏ బుద్ధిమంతుడైనా ఊరుకునేవాడు. కానీ కళ్లెదుట వారం తప్పు పడుతూ ఉంటే ఊరుకునే రక్తం కాదు నాది.

"కాదండీ, గురువారమే. నవంబరు ఇరవయ్యో తేదీన మాత్రం కనకాంబరాలు పెట్టుకొచ్చారు."

ఆవిడ తల వంచుకున్నారు. కోపమేమోనని చచ్చినంత పనైంది. తల ఎత్తినప్పుడు ఆ ముఖంలో కోపం లేదు. రెండేళ్లుగా నేను ఏ ముఖం కోసం కుర్చీ తిప్పుకుంటున్నానో, అది మొదటిసారి నిదానంగా, తీరిగ్గా నా వైపే చూస్తున్నది. సుజాత పేపరును నా ముందుకు జరిపారు.

"ఇంకా ఏమైనా చెప్పాలా మాస్టారూ?"

చెప్పవలసినదేమిటో మీకు తెలుసు. నాకూ తెలుసు. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ చూపు ఆ పేపరు అట్ట మీద, ఎర్ర సిరా మీద పడింది.

"మొత్తం తప్పు పడిందండీ," అన్నాను. "ముప్పయ్యారు కాదు. కూడితే ముప్పయ్యేడు వస్తోంది."

ఆవిడ కాసేపు నన్నే చూశారు. తరువాత పేపరు వెనక్కి తీసుకుని, నెమ్మదిగా కూడి, అంకె దిద్దారు.

"నిజమే. మీ లెక్క తప్పదు మాస్టారూ."

మరుసటి జూన్‌లో ఆవిడ హనుమాన్ జంక్షన్ అవతల ఏదో కళాశాలలో చేరారు. అక్కడి నుంచి వచ్చే బస్సులు మా వీధి ముఖం చూడవు. అయినా చాలాకాలం, తొమ్మిదింబావుకు మెట్ల మీద అడుగులు వినిపిస్తే నా నోట "బస్సు దొరికిందాండీ" అన్న మాట సిద్ధంగా ఉండేది. వచ్చేది లెక్కల మాస్టారు. ఆయనకు సొంత స్కూటరు ఉంది.

ఇందుమూలంగా నిండు మనస్సుతో ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఎవరైనా నా కళ్లలోకి చూసి "ఇంకా ఏమైనా చెప్పాలా" అని అడిగితే, ప్రాణం పోయినా సరే, కూడిక సరిచూడను. ఇంతవరకు మళ్లీ ఎవరూ అడగలేదు గనుక ఈ ప్రతిజ్ఞ చెక్కుచెదరలేదు.

ఆ వెబ్‌సైటు తరువాత మూతపడింది, కార్డులూ దానితోనే పోయాయి. పోయినవాటిలో ఇంకొకటి, నేను ఇవ్వని జవాబు. మిగిలినది ఒక్క మార్కు. అదీ సుజాతది.