చీపురు లేని స్వీపర్

నవ్వనని ఒట్టేస్తేనే చెప్తాను. మొన్న శనివారం భీమిలి దగ్గర బీచిలో, నా పుణ్యమా అని ఒక పెద్దమనిషిని చెప్పుతో కొట్టబోయారు. కొట్టలేదు లెండి, కొట్టబోయారు. చెప్పుకీ ఆయన చెంపకీ మధ్య జానెడు దూరం మిగిలింది.

సువర్ణా, నువ్వు అప్పుడే నవ్వకు! దీనికంతటికీ మూలం నువ్వే.

అసలేమైందంటే, విశాఖలో ఒక నడక క్లబ్బు ఉంది. శీతాకాలంలో అరకు అవతల కాఫీ తోటల్లోంచి కొండ కొస దాకా హైకింగ్‌కి తీసుకెళ్తారు. మన స్కూల్లో ఆటల టీచరు సువర్ణ అందులో మెంబరు. నన్నూ రమ్మంది. "కొండలా? మా నాన్న పాస్టరుగా ఊరూరూ తిరుగుతుంటే చంక దిగినప్పట్నుంచీ కొండలెక్కుతున్నాను, నాకేటి కొత్త?" అన్నాను. "అయినా సరే కరుణా, ముందు అందరితో కలిసి ఒక బీచ్ వాక్ చెయ్యాలి. హైకింగ్‌కి అదే బేస్. చాలా ఈజీ" అంది.

ఈజీ! ఆ మాట వినగానే నాకు డౌట్ కొట్టింది. మన ఏజెన్సీలో ఎవర్నైనా దారి అడిగి చూడండి. "ఇక్కడే టీచరమ్మా, ఆ మలుపు దాటితే" అంటారు. ఆ మలుపు దాటితే ఇంకో మలుపు. అది దాటితే ఒక గెడ్డ, మోకాల్లోతు నీళ్ళు. గెడ్డ దాటేసరికి పొద్దు గూకుతుంది. అందుకే దగ్గర అన్నవాళ్ళనీ, ఈజీ అన్నవాళ్ళనీ నేను నమ్మను. కూరలమ్మాయి నవ్వుతూ తూకం వేస్తే నేను తక్కెడ అడుగున చూస్తానని మా ఆయన వెక్కిరిస్తాడు. నిజమే, చూస్తాను.

సరే, ముందురోజు సాయంత్రమే పాడేరులో బస్సెక్కి, సువర్ణ వాళ్ళ అక్క ఇంట్లో పడుకుని, తెల్లారేసరికి బీచికి చేరాం. క్లబ్బు లీడరు వసంత మేడం. తెల్లటి టోపీ, మెడలో పసుప్పచ్చ తాడుకి ఈల. అందర్నీ గుండ్రంగా నిలబెట్టి చెప్పింది. "ఇది పోటీ కాదు, ఎవరి స్పీడులో వాళ్ళు నడవండి. ముందు నేను ఉంటాను, ఆఖర్న స్వీపర్ వస్తారు. చెత్త ఎక్కడా పడెయ్యొద్దు."

వినండి మరి. స్వీపర్ అంది, ఆ వెంటనే చెత్త అంది. ఎవరికైనా ఏమర్థమవుతుంది? బీచి శుభ్రం చెయ్యడానికి వెనకాల ఒక మనిషిని కూడా పెట్టుకున్నారు, ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. చీపురు పట్టుకున్నవాళ్ళు ఎవరా అని చుట్టూ చూశాను. ఎవరూ కనబడలేదు. తర్వాత వస్తారు కాబోలు!

నడక మొదలైంది. కొండ మీద రాయి మీద అడుగేస్తే, ఆ రాయి మనల్ని పైకి తోస్తుంది. ఇసక అలా కాదు. అడుగు వేసినప్పుడల్లా సగం అదే తినేస్తుంది. ఎవరో "తడి ఇసక మీద నడవండి మేడం, తేలిగ్గా ఉంటుంది" అన్నారు. ఆ మాటా నమ్మకుండా ఉండాల్సింది. ఒక అల వచ్చి రెండు బూట్లూ నింపేసి పోయింది. కాళ్ళకి బిందెలు కట్టుకుని నడిచినట్టుంది! "బేగి రావే కరుణా!" అని సువర్ణ ఒకటి రెండుసార్లు అరిచింది. తర్వాత అరవడం మానేసింది. కాసేపటికి వాళ్ళంతా రొయ్యపిల్లలంత అయిపోయారు.

అప్పుడు వెనక్కి చూశాను. దూరంగా ఒక మగమనిషి. బక్కగా, పొడుగ్గా, నల్ల కళ్ళద్దాలు, వీపున నల్ల బ్యాగు. పోనీ మనకెందుకులే అని నడిచాను. కాస్త ఆగాను. అతనూ ఆగాడు. నడిచాను. నడిచాడు. లేసు కట్టుకుంటున్నట్టు వంగి, చంక కిందనుంచి చూశాను. సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఏదో చూస్తున్నట్టు పోజు! సముద్రంలో ఏముంది? నీళ్ళు.

మెడలో సిలువ గొలుసు చున్నీ కింద దాచేశాను.

ఆకలేసి ఒక అరటిపండు తిన్నాను. తొక్క పారెయ్యలేదు, నేనలాంటిదాన్ని కాదు. వెనకాల స్వీపర్ వస్తారు కదా, సులువుగా కనబడాలని ఒక బండ మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా చిన్న రాయి కూడా ఉంచాను. నాలుగడుగులు వేసి తిరిగి చూస్తే ఏముంది! ఆ మనిషి బండ దగ్గర వంగి, రాయి తీసి, నా తొక్క జాగ్రత్తగా ఒక కవర్లో పెట్టి, ఆ కవరు బ్యాగులో పెట్టుకున్నాడు!

దొంగయితే గొలుసు చూస్తాడు గానీ, తిన్న తొక్క ఎందుకు దాచుకుంటాడు?

అప్పుడు నా బుర్రలోకి ఒక మాట వచ్చింది. చిల్లంగి. మనం తిన్నదో కట్టుకున్నదో పట్టుకెళ్ళి మనకేదో చేసేస్తారని మన ఊళ్ళల్లో భయపడతారే, అది. అదంతా ఉత్తిదని, ఆ అనుమానంతోనే మనుషుల్ని చంపేసుకున్నారని క్లాసులో పిల్లలకి చెప్పేది నేనే. సండే స్కూల్లో చెప్పేదీ నేనే. అయినా కాళ్ళు వినాలి కదా! స్పీడందుకున్నాయి. ఇసక కూడా అడ్డు రాలేదు.

పరుగులాంటి నడకలోనే సువర్ణకి ఫోన్ చేశాను.

"నా వెనక ఎవడో పడ్డాడే!"

"ఏటీ? గాలికి వినబడట్లేదే... భయమెందుకు, వెనక స్వీపర్ ఉన్నారు కదా!"

"స్వీపర్ ఎక్కడే! వీడొక్కడే ఉన్నాడు. చేతిలో చీపురు కూడా లేదు!"

"ఏటి లేదు?"

"చీపురే! చీపురు!"

ఫోన్ కట్.

ఒడ్డున ఒక పడవ బోర్లించి ఉంది. గభాల్న దాని వెనక కూర్చున్నాను. చూద్దాం, ఏం చేస్తాడో! అతను వచ్చాడు. ఆగాడు. నేను కనబడకపోయేసరికి అటు చూశాడు, ఇటు చూశాడు, తల పట్టుకున్నాడు. నీళ్ళలోకి మోకాళ్ళ లోతు పరిగెత్తి అలల్లోకి చూశాడు. మళ్ళీ ఒడ్డుకొచ్చి జేబులోంచి ఈల తీసి గట్టిగా ఊదాడు.

ఈల! జట్టుని పిలుస్తున్నాడు! ఇంక కూర్చుంటే లాభం లేదని లేచి, కనబడ్డ జాలరిపేట వైపు పరిగెత్తాను.

అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్ళు వల మీద ఎండుచేపలు తిరగేస్తున్నారు. అందులో పెద్దావిడ పేరు నూకాలమ్మ. నన్ను చూసి, "ఓలమ్మా, ఏటైనాది? కుక్క తరిమిందేటి?" అంది.

"కుక్క కాదు, మనిషి" అన్నాను.

ఆ ముక్క చాలు. అందరూ లేచారు. సరిగ్గా అప్పుడే అతను రొప్పుకుంటూ వచ్చి, నన్ను చూడగానే రెండు చేతులూ పైకెత్తి, "హమ్మయ్య, దొరికారు!" అన్నాడు.

పాపం, ఇంకే మాటన్నా బాగుండేది.

"దొరికిందా? ఏటిరా నీకు దొరికింది!" అని నూకాలమ్మ అతని చొక్కా పట్టుకుని చేపల బుట్టల మధ్య కూలదోసింది. మిగతావాళ్ళు చుట్టూ మూగారు.

"అమ్మా, నేను స్వీపర్‌ని!"

"సీపురేదిరా?"

"ఆ స్వీపర్ కాదమ్మా! కావాలంటే నా బ్యాగు చూడండి!"

చూశారు. ఓఆర్ఎస్ పాకెట్లు, బ్యాండేజీ చుట్ట, నీళ్ళ సీసా, ఒక తాడు, కవర్లో నా తొక్క. దాని కింద నా రుమాలు! ఎప్పుడు పడిపోయిందో నాకే తెలీదు.

"తాడు కూడా తెచ్చినాడే!" అంది ఒకావిడ.

"ఆడమనిసి రుమాలు దాసినాడే!" అంది ఇంకొకావిడ.

"దారిలో పడిపోతే తీశానమ్మా, ఆవిడకి ఇచ్చేద్దామని..."

"మరి తొక్కో? అదీ ఇచ్చేద్దామనేటి?"

నూకాలమ్మ కాలి చెప్పు తీసింది.

అప్పుడు చూశాను, అతని చేతిలో ఈలని. పసుప్పచ్చ తాడు. వసంత మేడం మెడలో ఉన్నదీ అదే. అంతలో అతని ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కినట్టున్నాడు, వసంత మేడం గొంతు అందరికీ వినబడింది. "మూర్తిగారూ, కరుణ మేడం కనబడ్డారా? అలల్లోకి గాని వెళ్ళలేదు కదా? స్వీపర్ అంటే ఆఖరి మనిషిని కనిపెట్టుకుని రావాలి కదండీ, ఎలా వదిలేశారు?"

చెప్పు అప్పటికే దిగుతోంది. ఎగిరి నూకాలమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దమ్మా, వద్దు! మా మనిషే!"

"మరిందాక తరిమినాడంటివి?"

"మా మనిషని నాకిప్పుడే తెలిసిందమ్మా!"

మూర్తిగారు లేచి నిలబడ్డారు. చొక్కా నిండా చేప పొలుసులు. కళ్ళద్దాలు ఒక చెవికే వేలాడుతున్నాయి. "మరీ దగ్గరగా నడిస్తే ఆడవాళ్ళు ఇబ్బంది పడతారని దూరంగా వచ్చానండి. మీరు కనబడకపోయేసరికి మునిగిపోయారనుకున్నాను" అన్నారు మెల్లిగా. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి నీళ్ళు కారుతోంది. ఇప్పుడు మీ దగ్గర నవ్వుతూ చెప్తున్నాను గానీ, ఆ తడి చూసినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. నోటిదాకా వచ్చిన ఆ చిల్లంగి మాట గాని అనేసి ఉంటే? అప్పుడు ఆ చెప్పుతోనే ఆగేదా? రెండు చేతులూ జోడించి క్షమించమన్నాను.

"పోన్లెండి మేడం, మీరు బతికే ఉన్నారు, అది చాలు" అన్నారాయన.

నూకాలమ్మ టీ పెట్టించింది. "తప్పైపోనాది బాబూ" అని ఎండు నెత్తళ్ళ చేపలు పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టింది. నా వైపు ఒక చూపు చూసింది. నాకు నెత్తళ్ళు ఇవ్వలేదు.

"మిగతా దారి పక్కపక్కనే నడుద్దామండీ" అన్నాను. "వద్దు మేడం, రూల్ రూలే" అని ఆయన వెనక్కి వెళ్ళిపోయారు. ఈసారి ఇంకా ఎక్కువ దూరంలో!

మేం నడక ముగిసే చోటికి చేరేసరికి అందరూ రోడ్డు మీదే ఎదురుచూస్తున్నారు. వసంత మేడం నన్ను కౌగిలించుకుంది, తిట్టింది, మళ్ళీ కౌగిలించుకుంది. "నన్ను హైకింగ్‌కి రానిస్తారా?" అని గొణిగాను. అందరూ మూర్తిగారి వైపు చూశారు. ఆయన పొలుసులు దులుపుకుంటూ, "నడక ఫరవాలేదండీ. పరుగు చాలా బాగుంది. కాకపోతే కొండ మీద ఆవిడ వెనక నడవడానికి ఇంకొకర్ని చూసుకోండి" అన్నారు.

"ఎవరు నడుస్తారు?" అంది వసంత మేడం. ఒక్క చెయ్యి లేవలేదు. సువర్ణ చెయ్యి కూడా!

ఆఖరికి ఏం తేల్చారో తెలుసా? అరకు కొండకి లైన్లో అందరికంటే ముందు నేనేనట! నా నాయకత్వం చూసి కాదు లెండి. వెనక ఒక్కడే వస్తే అనుమానం గానీ, క్లబ్బు మొత్తం వెనకే వస్తే ఎవర్నని అనుమానిస్తాను? అదీ వాళ్ళ తెలివి. నా ముందు గైడ్ ఒక్కడే ఉంటాడట.

ఆ గైడ్ ఎలాంటివాడే అని పొద్దున్నే సువర్ణని అడిగాను. "చాలా మంచివాడు కరుణా, పది అడుగులకోసారి ఆగి వెనక్కి తిరిగి చూస్తాడు" అంది.

అదిగో, నవ్వుతున్నారు! కాదు, తెలియకే అడుగుతున్నాను... ఎందుకు చూస్తాడంటారు?