గోదావరి దాటని కోతులు

నేను వార్డు మెంబర్ని. చివరి వార్డు, అంటే మా తండా. జనం చాలలేదని మాకు వేరే పంచాయతీ ఇవ్వలేదు, ఊరికి తోకలా తగిలించి వదిలేశారు. వీధి దీపమైనా, నల్లా అయినా అందరికీ వచ్చాకే మాకు వస్తుంది. చెత్త ట్రాక్టర్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకే మీటింగులో ఎవరన్నా నన్ను చూసి నవ్వితే నాకు ముందు అనుమానం వస్తుంది.

పోయిన వానాకాలం మీటింగులో కోతుల సంగతి లేచింది. ఊళ్లో పెంకులు పీకుతున్నాయి, వంటిళ్లలో దూరుతున్నాయి. వీధిలైట్లు, మురుగు కాలవలు, ట్యాంకులో బ్లీచింగ్ మన పని సరే, కోతులు కూడా మన పనేనా అని అడిగాను.

"ఊరికొచ్చిన కష్టమేదైనా పంచాయతీదే చెల్లె" అన్నాడు సర్పంచ్.

ఆంజనేయస్వామి అంశ కాబట్టి కొట్టకూడదు. పట్టేవాళ్లను పిలిపించి, బోన్లలో పెట్టి, భద్రాచలం వంతెన దాటించి చర్ల దిక్కు అడవిలో వదలాలని తీర్మానించాం. గోదావరి దాటిన కోతి తిరిగి రాదని మా దగ్గర నమ్మకం. చర్ల వాళ్లు ఏం పాపం చేశారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

"ఎవరి బండిల తీస్కపోతరు?" అన్నాను.

"మీ మరిదికి ట్రాలీ ఆటో ఉంది గద. ఆ కిరాయి మీ ఇంటికే వస్తది" అన్నాడు సర్పంచ్. మిగతా మెంబర్లు నవ్వారు.

నాకు ఆ నవ్వు నచ్చలేదు. అడగని మేలు చేసేవాణ్ణి నమ్మొద్దని మా అమ్మ అనేది. కానీ మరిదికి చాలాకాలంగా సరైన పని లేదు. ఊరుకున్నాను.

ఊళ్లో కోతులు తగ్గాయి. మా తండాలో పెరిగాయి. అప్పుడు మొక్కజొన్న కంకులు పాలు పట్టే అదును. ఏడాదంతా మా ఇల్లు గడవాలంటే ఆ చేనే దిక్కు. ఒక మూల తరిమితే ఇంకో మూల దిగేవి. కంకి పీకి, ఒక్క కొరుకు కొరికి పారేసి ఇంకోటి అందుకునేవి. కడుపు నిండా తిన్నా అంత ఏడుపు వచ్చేది కాదు. పైగా అడవి కోతి మనిషిని చూస్తే చెట్టెక్కుతుంది, ఇవి ఎదురొచ్చి చేతిలో సంచి లాగేవి. కిరాణా కొట్ల దగ్గర నేర్చిన విద్య అది. ఇవి ఊరి కోతులేనని నాకు తెలిసిపోయింది. పోయి సర్పంచ్‌ను అడిగాను.

"పక్క పంచాయతోళ్లు వదుల్తున్నరేమో, నిమ్మళంగ కనుక్కుందాం" అన్నాడు సర్పంచ్. ఆ నిమ్మళమే నా అనుమానాన్ని గట్టి చేసింది. సర్పంచే వదిలిస్తున్నాడని తండాలో ఇంటింటికీ తిరిగి చెప్పాను. గ్రామసభలో అందరం నిలదీద్దామన్నాను.

సభకు ముందురోజు తెల్లవారుతుండగా చేనికి పోతుంటే వాగు గట్టున ట్రాలీ ఆగి ఉంది. మా మరిది బోను తలుపు తీసి కట్టెతో తడుతున్నాడు. కోతులు దూకి నేరుగా మా చేను దిక్కే పోయాయి.

"ఏందిరా ఇది?"

"భద్రాచలం పోయొస్తే దినమంత పోతది వదినా. యాడనో ఓకాడ వాగుకాడ వదిలెయ్, ఎవరు జూస్తరని సర్పంచే అన్నడు."

"నీ అన్న చేను గూడ కనవడలేదా?"

"అడవిలకే పోతయనుకున్న."

సర్పంచ్ నిజంగా ఆ మాట అన్నాడో, వీడు తప్పించుకోవడానికి చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను, పట్టుకుని ఏం చేయాలో తోచక తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చాను. సభలో చెప్తే తమ్ముడు తలెత్తుకోలేడని మా ఆయన బతిమాలాడు. నాకు మరిది మీద కోపం, ఇంటింటికీ తిరిగి అన్న మాటలు తలుచుకుంటే సిగ్గు.

సభ మొదలయ్యే ముందు సర్పంచ్ నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. "కోతుల ముచ్చట ఇయ్యాల వద్దులే చెల్లె. మీ ఇంటి పరువు గూడ జూడాలె గద."

అంటే అతనికి తెలుసు. ఆ కిరాయి మా ఇంటికే ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమై ఒళ్లు మండింది. మైకు అందుకున్నాను.

"కోతులను మన తండకాడ వదిలింది మా మరిది. బండి మా ఇంటిదే. వదలమన్నదెవరో సర్పంచ్‌ను అడగుండ్రి."

ఎవరూ సర్పంచ్‌ను అడగలేదు. మా పక్క చేను ఆమె లేచింది. ఆమె పంట నా పంటకన్నా ఎక్కువ పోయింది. నా దిక్కే చూస్తూ "నీకెప్పటి సంది ఎరుక?" అంది.

"నిన్న పొద్దుగాల చూసిన" అన్నాను.

ఆమె నమ్మలేదు. ఆమె చోట నేనున్నా నమ్మేదాన్ని కాదు.