నాకు వినపడని గిలక్కాయ

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆరో తరగతిలో మా స్కూలుకు చెవులు పరీక్షించేవాళ్ళు వచ్చినప్పుడు నేను మోసం చేశాను.

హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా వేలెత్తమన్నారు. మెషీన్ దగ్గరి మేడమ్ నా వెనక కూర్చున్నారు. నా ఎదురుగా గాజు తలుపుల బీరువా. అందులో ఆవిడ చెయ్యి కనిపిస్తోంది. ఆ చెయ్యి బటన్ నొక్కినప్పుడల్లా వేలెత్తాను. నాకంటే ముందు వెళ్ళిన అమ్మాయితో "రేపు మీ నాన్నగారిని తీసుకురా" అన్నారు. ఆమె వరండాలోకి వచ్చేలోపే పిల్లలు "చెవిటి మేళం" అని పేరు పెట్టేశారు. నాకు ఆ పేరు వద్దనిపించింది. నా కాగితం మీద టిక్ పడింది.

ఏదో తేడా ఉందని నాకు అప్పటికే తెలుసు. పెదాలు చూస్తేనే మాట అర్థమయ్యేది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే తెలిసేది కాదు. అందరూ నన్ను బిడియస్తురాలు అనేవారు. అందులో సగం బిడియం కాదు, ఎదుటివాళ్ళు ఏమన్నారో తెలియక నవ్వి ఊరుకోవడం. పుస్తకం మాత్రం ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోదు. రోజూ డైరీ రాసేదాన్ని కానీ, ఈ సంగతి అందులో కూడా రాయలేదు.

చదువయ్యాక తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో చేరాను. మా ఇల్లు కొల్లేటి పక్కన, చేపల చెరువుల మధ్య ఊళ్ళో. అక్కను మా మేనమామ కొడుక్కే ఇచ్చారు. తన మొదటి కాన్పు ఏలూరులో అయింది. బాబు పుట్టిన రెండో రోజు నర్సుగారు వాడి చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి వినికిడి చూసే ఓఏఈ టెస్ట్ చేశారు. రెండు చెవులకూ "రిఫర్" అని వచ్చింది, అంటే పాస్ కాలేదు, మళ్ళీ చూడాలని.

"కంగారు పడకండి. చెవిలో తడి ఉన్నా ఒక్కోసారి ఇలా వస్తుంది. నెల లోపల మళ్ళీ తీసుకురండి" అన్నారావిడ.

అమ్మ ఆ కాగితం టీకాల కార్డులో పెట్టేసింది. నేను గుర్తు చేస్తే, "టీకాకు తప్ప, మూడో నెల రాకుండా పసివాణ్ణి పొలిమేర దాటిస్తారా ఎవరైనా?" అంది.

అమ్మమ్మ అయితే సొంతంగా టెస్టే పెట్టేసింది. ఉయ్యాల పక్కన స్టీలు పళ్ళెం మీద గరిటెతో ఒక్కటి వేసింది. బాబు ఉలిక్కిపడి కెవ్వుమన్నాడు.

"చూశారా! చెవులు లేనిది ఆ మెషీనుకే!" అంది. ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నెలంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను. శనివారం రాగానే బస్సెక్కి ఇంటికి వెళ్ళడం, బాబును గమనించడం, సోమవారం మళ్ళీ ఆఫీసు. ఆ పళ్ళెం చప్పుడు ఎంత పెద్దదంటే నాకు కూడా వినపడింది. నా లాంటి చెవులున్నా ఉలిక్కిపడతారు కదా అని ఒకటే ఆలోచన.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మా అక్కా వంటింట్లో ఉండగా, గిలక్కాయ తీసుకుని బాబు తల వెనక మెల్లగా ఊపాను. వాడు కదల్లేదు. ఇంకో పక్కన ఊపాను. కళ్ళైనా తిప్పలేదు. అప్పుడు తట్టింది. ఆ శబ్దం నాకూ వినపడటం లేదు. వాడికి వినపడలేదో, అసలు గిలక్కాయే మోగలేదో నాకెలా తెలుస్తుంది? ఇల్లంతటికీ ఈ అనుమానం ఉన్నది నాకొక్కదానికే. తేల్చుకునే చెవులు లేనిదీ నాకే.

అక్కను పిలిచి అడగాలనుకున్నాను. అడగకుండానే గిలక్కాయ ఉయ్యాలలో పెట్టేశాను.

నెలన్నర టీకాకు ఎలాగూ ఏలూరు వెళ్ళాలి కదా, అప్పుడే ఆ టెస్ట్ కూడా చేయిద్దామని పట్టుబట్టాను. "దీని గోల ఒకటి" అంటూనే అమ్మ ఒప్పుకుంది.

ఆడియాలజిస్ట్ మేడమ్ బాబు చెవిలో లైటు వేసి చూశారు. "నూనె పోస్తున్నారా?"

"స్నానానికి ముందు రోజూ రెండు చుక్కలండీ. పోయకపోతే ఎలాగండీ?" అంది అమ్మ.

టెస్ట్ చేశారు. మళ్ళీ రిఫర్. "నూనె ఉంది కాబట్టి దీన్నిబట్టి చెప్పలేం. పూర్తిగా ఆపేసి పది రోజుల్లో రండి, శబ్దం మెదడు దాకా చేరుతోందో లేదో చూసే బెరా టెస్ట్ చేద్దాం. మూడు నెలల లోపల తేలిపోవాలి."

"అదే అనుకున్నానండీ, నూనె వల్లే. ఇంక మూడో నెల వెళ్ళాక చూద్దాంలెండి" అని అమ్మ లేవబోయింది.

ఆవిడ ఫారం నింపుతూ అడిగారు. "మేనరికమా?"

"అవునండీ."

"ఇంట్లో ఎవరికైనా చిన్నప్పటినుంచీ వినికిడి తక్కువ ఉందా?"

"లేదండీ. మా ఇంటావంటా లేదు."

ఆవిడ పెన్ను "లేదు" అన్న గడి దగ్గరికి వెళ్ళింది. నేను మాట్లాడకపోతే ఇంటికి వెళ్ళిపోతాం. నెల రెండు నెలలవుతుంది, రెండు ఆరవుతుంది.

"నాకుందండి" అన్నాను.

"ఊరుకో రమ్యా! బయట జనం ఉన్నారు" అంది అమ్మ. అక్క బాబును భుజాన వేసుకుని నావైపే చూస్తోంది.

నన్ను అప్పుడే చిన్న గదిలో కూర్చోబెట్టి పరీక్షించారు. ఈసారి ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. వినికిడి కొలిచే ఆడియోగ్రామ్ గీత కుడివైపుకు వెళ్ళేకొద్దీ కిందికి దిగిపోయింది. "రెండు చెవులకూ మోడరేట్ సెన్సోరిన్యూరల్ లాస్, అంటే లోపలి చెవిలోనే ఓ మోస్తరు లోపం. ఇన్నేళ్ళూ ఎలా నెట్టుకొచ్చావమ్మా? స్కూల్లో చూడలేదా?"

"చూశారండీ. బాగున్నాయనే రాశారు" అంది అమ్మ. నేను నేల చూశాను.

తిరిగొచ్చే బస్సులో అక్క ఒక్కటే అంది. "ఇన్నేళ్ళు నా పక్కన పడుకున్నావు. ఒక్క మాట చెప్పలేదు." తర్వాత చాలా రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది.

బెరాకు బిడ్డ నిద్రపోవాలి. మొదటిసారి వైర్లు అంటించగానే లేచి ఏడ్చాడు, వెనక్కి పంపేశారు. రెండోసారి దారంతా నిద్రపోనీయకుండా ఆడించి తీసుకెళ్తే, అక్కడ పాలు తాగి పడుకున్నాడు. రెండు చెవుల్లోనూ నా కంటే ఎక్కువే లోపం ఉంది. అక్క కారిడార్‌లో కూర్చుని ఏడ్చింది. మేడమ్ మాత్రం, "సమయానికి తెచ్చారు. ఆరు నెలల లోపల వినికిడి మెషీన్లు పెడదాం" అన్నారు. అయిదో నెలలో పెట్టారు.

తర్వాత నేనూ పెట్టించుకున్నాను. మొదటి వారం ఫ్యాను, నా చెప్పులు, చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోత అన్నీ తలలోకి దూరాయి. విసుగొచ్చి రెండుసార్లు తీసి డబ్బాలో పెట్టేశాను. మళ్ళీ వెళ్ళి సౌండ్ తగ్గించుకున్నాక నిలిచాయి.

బాబుకు ఇప్పుడు ఏడాది దాటింది. మెషీను పీకి నోట్లో పెట్టుకుంటాడు, అమ్మమ్మ వెంటపడి లాక్కుని తుడిచి మళ్ళీ పెడుతుంది. వారానికోసారి మాటలు నేర్పే థెరపీ. పిలిస్తే తిరుగుతున్నాడు. మాటలు ఎలా వస్తాయో ఇంకా తెలియదు. నాకు ఇప్పటికీ కుదురు లేదు.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. కాగితం మీద "రిఫర్" అని ఉంటే పళ్ళేలు మోగించి చూసుకోకండి, నూనె పోయకండి, వాళ్ళు చెప్పిన గడువులోనే మళ్ళీ వెళ్ళండి. ఒకసారి "పాస్" అని వచ్చినా అది జన్మంతటికీ కాదు. బడిలో చేర్చేముందు, చదువుకునే రోజుల్లో, పెద్దయ్యాక ఎప్పుడు అనుమానం వచ్చినా చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే, ఉన్నది చెప్పండి.

మొన్న ఆదివారం నేను బయల్దేరుతుంటే అక్క బాబును ఎత్తుకుని వీధి గుమ్మం దాకా వచ్చింది. మెషీన్లు కనపడకుండా నా చెవుల మీదికి లాక్కున్న జుట్టు వంక చూసి అంది. "అది వెనక్కి దువ్వుకోవే. వీడు నిన్ను చూసే నేర్చుకుంటాడు."